సాసర్లో బిళ్ళ

పొగమంచు విడితే గాని విమానం దిగదట. తొమ్మిదిన్నరకి రావలసిన టొరంటో విమానం హాలిఫాక్స్ నెత్తి మీదే ఎక్కడో చక్కర్లు కొడుతోందని, ఇంకో గంట పట్టవచ్చని చెబుతున్నారు. బోర్డు చదవడానికి మృదుల రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ ఓడిపోయింది. ఎడమ కంటి అంచున సన్నటి వెలుగు గీత ఒకటి రంపం పళ్ళలా వంకర్లు తిరుగుతూ మెరుస్తోంది; ఎటు చూస్తే అటే వచ్చి సరిగ్గా అక్షరాల మీదే కూర్చుంటోంది. చివరికి పక్కన నిలబడ్డ పెద్దాయన్ని అడిగి తెలుసుకుంది. గంటే కదా అన్నట్టు ఆయన నవ్వాడు. నొప్పి మొదలైన తలకి గంట అంటే ఎంతో ఆయనకేం తెలుసు, తనదాకా వస్తే గాని తెలియని వాటిలో మొదటిది తలనొప్పే. మృదుల జాకెట్ టోపీ నుదుటిదాకా లాక్కుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, స్తంభం చాటున ఒక కుర్చీ వెతుక్కుని, అద్దాల గోడకి వీపు పెట్టి కూర్చుంది. బయట మే నెల పొగమంచు. ఎండయితే నయం, ఒక పక్కనుంచే వస్తుంది, చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు. ఈ తెల్లటి వెలుగు అన్ని పక్కలనుంచీ వస్తుంది, గచ్చు మీద పడి మళ్ళీ కిందనుంచి కూడా వస్తుంది. పైగా కాఫీ వాసన, గచ్చు తుడిచిన మందు వాసన, ముందు వరసలో ఎవరో ఆవిడ పూసుకున్న సెంటు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంకో గంట. గంట గడిస్తే విమానం దిగుతుంది, విమానం దిగితే చరిత వస్తుంది, చరిత సూట్‌కేసులో ప్యాకెట్ వస్తుంది, ప్యాకెట్లో ముప్ఫై షీట్ల తలనొప్పి బిళ్ళలున్నాయి. ఒక్కటి వేసుకుంటే ఇరవై నిమిషాల్లో ఈ రంపం ఆగిపోతుంది. ఒక్కటి కూడా వేసుకోకూడదు. బిళ్ళ మానేసి ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

చరితని మృదుల ఇంతవరకు చూడలేదు. మధిరలో వాళ్ళ వీధికి రెండు వీధుల అవతల అమ్మాయి, మృదుల చదివే కాలేజీలోనే మే ఇన్‌టేక్‌కి సీటొచ్చింది, మృదుల వాళ్ళు అద్దెకుండే బేస్‌మెంట్‌లో ఖాళీ అయిన మంచం తీసుకుంటుంది. అంతవరకే తెలుసు. ఈ రెండేళ్ళుగా ప్రతి ఇన్‌టేక్‌కీ ఊరినుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు, వచ్చే ప్రతివాళ్ళ సూట్‌కేసులోనూ సగం బరువు వాళ్ళది కాదు. ఫలానా వాళ్ళ అమ్మాయి వెళ్తోందట అని తెలియడమే ఆలస్యం, వీధి వీధంతా పొట్లాలు కట్టేస్తుంది. ఒకరిది కారప్పొడి, ఒకరిది గోంగూర పచ్చడి, ఒకరిది పాత పవరుకి చేయించిన కొత్త కళ్ళజోడు. మృదుల వాళ్ళ నాన్న మాత్రం ఎప్పుడూ మందులే పంపుతాడు. వీరభద్రం గారికి స్టేషన్ రోడ్డులో మందుల షాపుంది. కూతురు బయలుదేరే ముందు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే 'కెనడా వెళ్ళేవాళ్ళకి మందుల లిస్టు' చూసి నవ్వి, దానికి రెండింతలు కట్టి, ఏ డబ్బాలో ఏముందో పైన స్కెచ్ పెన్నుతో రాసిచ్చాడు. జ్వరం. వాంతులు. గొంతు. కడుపు. తల. అలా అయిదుగురు ఆడపిల్లలుండే బేస్‌మెంట్‌కి మృదుల డాక్టరమ్మ అయింది. వాకిన్ క్లినిక్‌లో నాలుగు గంటలు కూర్చునే బదులు మృదుల మంచం కింద డబ్బా లాగితే పని అయిపోతుంది కదా. గుంటూరు స్పందనయితే తుమ్మినా వచ్చి చెయ్యి చాపేది. చాపిన చేతిలో బిళ్ళ పెట్టడం మృదులకి పుట్టుకతో వచ్చిన విద్య. అన్నిటికంటే ముందు 'తల' అని రాసిన డబ్బా ఖాళీ అయింది. దాన్ని ఖాళీ చేసింది స్పందన కాదు, మిగతావాళ్ళూ కాదు, డాక్టరమ్మే.

మొదటి చలికాలంలో మొదలైందిది. హోటల్ లాండ్రీలో పార్ట్‌టైమ్. తెల్ల దుప్పట్లు, తెల్ల ట్యూబులైట్లు, బ్లీచ్ వాసన, షిఫ్టు దిగి బయటికొస్తే మళ్ళీ తెల్లటి మంచు. ఒకరోజు దుప్పటి మడుస్తుంటే దాని అంచు మీద వెలుగు గీత మెరిసింది, మరక అనుకుని చేత్తో తుడిచింది కూడా. అరగంటలో ఎడమ కణత లోపల ఎవరో కూర్చుని రోటిలో పచ్చడి నూరడం మొదలుపెట్టారు. అమ్మకి వచ్చేదే. పార్శ్వపు నొప్పి. అమ్మ జుట్టు రాలేదు, అమ్మ రంగు రాలేదు, వెతుక్కుని వెతుక్కుని ఇదొచ్చింది. నాన్నకి ఫోన్ చేస్తే ఆయన ఏమాత్రం కంగారు పడలేదు, తనకి తెలిసిన జబ్బే కాబట్టి. "వచ్చినంక ఏసుకుంటే ఏం లాభం బిడ్డా, రాకముందే ఏసుకో. మీ అమ్మకి నేను అట్లనే ఇస్తన్న గద" అన్నాడు. రాకముందే! ఎంత హాయిగా ఉందా మాట. ఆ మర్నాటినుంచి పొద్దున్నే టీతో ఒకటి. షిఫ్టు ఉంటే ముందొకటి. పరీక్ష ఉంటే తప్పకుండా ఒకటి. అయినా నొప్పి వస్తూనే ఉంది, వస్తోంది కాబట్టి ఇంకొకటి. మధ్యలో వేరే వైద్యాలూ నడిచాయి. స్పందన శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తే కళ్ళలోకి కారి కళ్ళు మండాయి గాని నొప్పి కదల్లేదు. తెల్లారకముందే పాలలో జిలేబీ నానబెట్టి తినాలని స్పందన వాళ్ళ అమ్మమ్మ ఫోన్లో చెబితే, టొరంటో పక్క స్కార్‌బరోలో ఉన్న వాళ్ళ కజిన్ జిలేబీలు కొని పోస్టులో పంపింది, అవి వారం ప్రయాణించి రాళ్ళయి వచ్చాయి. చివరికి దిష్టి అన్నారు. ఎండుమిరపకాయలు తిప్పి స్టవ్ మీద వేయగానే పొగ అలారం కొట్టుకుంది, పై అంతస్తునుంచి ఇంటి ఓనరు పైజమాతో పరుగెత్తుకొచ్చాడు, ఆ మోతకి నొప్పి రెట్టింపయింది. ఆ సంగతి ఇప్పుడు తలచుకుంటే నవ్వొచ్చింది, నవ్వితే కణతలో పొడిచింది, మృదుల నవ్వు ఆపుకుని టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది. టైమెంత? ఫోన్ తీసి చూడటానికి భయం, తెర వెలుగు సూదిలా దిగుతుంది. పది నిమిషాలైనా అయి ఉంటుందా? అయి ఉంటుంది. కానట్టుంది.

ఎవరో పిల్లాడు సూట్‌కేసు చక్రాల మీద ఎక్కి గచ్చంతా తిరుగుతున్నాడు, గడగడ గడగడ, ఆ చప్పుడు చెవిలోకి కాదు, నేరుగా పంటి చిగుళ్ళలోకి వస్తోంది. మృదుల లేచి కుర్చీ మార్చింది. అక్కడ సెంటు వాసన. మళ్ళీ లేచి మొదటి కుర్చీకే వచ్చింది. కాలేజీ హెల్త్ సెంటర్ నర్సమ్మ గది ఎంత బాగుండిందో. పొట్టి తెల్లజుట్టు ఆవిడ, అక్కడ మందులు రాసేదీ ఆవిడే. మృదుల లోపలికి రాగానే మొహం చూసి, అడక్కుండానే లైటు ఆర్పేసింది, ఆ ఒక్క పనికే మృదులకి ఏడుపొచ్చింది. ఇదేం ఏడుపు, సొంతూరి మనిషి ఎవరో పలకరించినట్టు. ఆవిడ క్యాలెండర్ కాగితం ఒకటిచ్చి, పోయిన నెలలో బిళ్ళ వేసుకున్న రోజులన్నిటి మీదా అడ్డగీత కొట్టమంది. షాపువాడి కూతురు, మందు దగ్గర అబద్ధమాడదు, కొట్టుకుంటూ పోయింది. నాలుగు గడులు మిగిలాయి. నర్సమ్మ ఆ కాగితాన్ని కాసేపు చూసి నెమ్మదిగా చెప్పింది. నీకు మైగ్రేన్ ఉంది, నిజమే. కాని ఈ రోజూ వచ్చే నొప్పి ఉందే, ఇది బిళ్ళ తెస్తున్న నొప్పి. తల దానికి అలవాటు పడింది, దిగిపోగానే ఇంకొకటి కావాలని అరుస్తోంది. ఆపెయ్యి. ముందు బాగా ఎక్కువవుతుంది, వారం, పది రోజులు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఆ తర్వాత వదులుతుంది. మరీ భరించలేనప్పుడు వేరే మందు రాస్తాను, అది వారానికి రెండు రోజులకి మించి కాదు. ఈ వారం ఆ రెండూ మంగళవారానికే అయిపోయాయి. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనేమో, కొరివి అని తెలిస్తే ఎవరు మాత్రం గోక్కుంటారు. ఆవిడ చెబుతున్నంతసేపూ మృదుల తల ఊపుతూనే ఉంది. కాని ఆ మాటలు హాలిఫాక్స్‌లో ఆగలేదు. గదిలోంచి లేచి తిన్నగా మధిర వెళ్ళి వాళ్ళ వంటింటి గుమ్మంలో నిలబడ్డాయి.

వంటింట్లో పొద్దున్నే టీ పెట్టేది నాన్న. అమ్మకి లేవగానే వెలుగు పడదు, కిటికీ రెక్కలు మూసి, చీరకొంగు తలకి బిగించి కట్టుకుని మంచం మీదే కూర్చుని ఉంటుంది. నాన్న టీ కప్పు సాసర్లో పెట్టి, సాసర్ అంచున ఒక తెల్లబిళ్ళ పెట్టి, మంచం పక్క స్టూలు మీద పెడతాడు. ఒక మాట ఉండదు. పెట్టి, చొక్కా తొడుక్కుని షాపుకి వెళ్ళిపోతాడు, ఆయన టీ షాపు పక్క బండి దగ్గర. ఇంట్లో కూర్చుని తాగగా మృదుల ఎప్పుడూ చూడలేదు. కాని సాసర్లో బిళ్ళ తప్పిన రోజు లేదు. ఇద్దరికీ మాటలు లేని రోజుల్లో కూడా బిళ్ళ ఉంది. నాయనమ్మ పోయిన రోజు, ఇంటినిండా జనం ఏడుస్తుంటే, నాన్న గుండు చేయించుకోవడానికి వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి సాసర్లో బిళ్ళ పెట్టి వెళ్ళాడు. భ్రమరాంబా, నువ్వంటే నాకు ఇంత ఇష్టం అని ఆయన ఏ జన్మలోనూ అనడు. ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే అంటున్నది మాత్రం అదే. ఆ మాటే అమ్మ తలలో నొప్పి అయిందని ఇప్పుడు ఎవరు చెప్పాలి? బడి అయ్యాక మృదుల షాపులో బల్ల వెనక పీట మీద కూర్చునేది. కిర్రు, కిర్రు, నాన్న కత్తెర చప్పుడే ఆమెకి జోలపాట. షీటు మొత్తం ఎవరూ కొనరు, ఒకరికి రెండు, ఒకరికి నాలుగు, కోసి ఇవ్వాలి. కోసేటప్పుడు ఒక పద్ధతుంది. ఎక్స్‌పైరీ డేటు కొట్టిన మూల ఎప్పుడూ మనదగ్గరే మిగలాలి, ఎదురు మూలనుంచి కోసుకుంటూ రావాలి. "డేటు లేని షీటు తల లేని మొండెమే" అనేవాడు, అప్పుడప్పుడు అలాంటిది షాపులో దొరికితే పనికుర్రాణ్ణి తిట్టేవాడు. ఏడేళ్ళకే మృదులకి కత్తెర ఇచ్చాడు. అమ్మ అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట పిలిచి, నాన్న భోజనానికొచ్చి కునుకు తీసేప్పుడు, "పక్కింటి బేబీ ఆంటీకి తలనొప్పంట, షాపుకి పోయి రెండు బిళ్ళలు కోసుకురా, నాన్నని లేపకు" అనేది. మృదుల పరుగెత్తుకెళ్ళి, డేటు మూల వదిలి, చక్కగా కోసి తెచ్చేది. అమ్మ దగ్గర మంచి పిల్ల అనిపించుకునేది. బేబీ ఆంటీ, టీవీ సౌండు వీధి చివరికి వినపడేలా పెట్టుకునే మనిషి.

ఫోన్ జేబులో వణికింది. చూడకుండానే తెలుసు, అక్కడ సాయంత్రం ఆరున్నర, షాపులో రద్దీకి ముందు కాస్త ఖాళీ.

"దిగిందా బిడ్డా ఆ పిల్ల?"

"ఇంకా లేదు నాన్నా. మంచు పట్టింది, పైన్నే తిరుగుతుందంట."

"మంచిగ జాగ్రత్తగ పెట్టిన, నలగకుండ. నీ నొప్పి ఎట్లుంది? మొన్నటిసంది గొంతు అదోలా ఉంది నీది."

"ఉంది. పర్లేదు. అమ్మ ఎట్లుంది?"

"మామూలే. పొద్దున ఇచ్చిన" అన్నాడు. అమ్మ గురించి ఎవరు అడిగినా ఆయన చెప్పే సమాధానం అదే, ఎట్లుంది అంటే ఇచ్చిన అంటాడు. ఎవరో వచ్చినట్టున్నారు, "ఉంట బిడ్డా" అని పెట్టేశాడు.

చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పలేదు. ప్యాకెట్ అడిగింది పన్నెండు రోజుల కింద, నర్సమ్మ చెప్పింది తొమ్మిది రోజుల కింద, చరిత బయలుదేరింది మొన్న. మధ్యలో వారం ఉంది, ఆ వారంలో ప్రతిరోజూ ఫోన్ చేసింది, పంపకు నాన్నా అన్న రెండు ముక్కలు నోట్లోంచి రాలేదు. పంపకు అంటే ఎందుకు అంటాడు. ఎందుకో చెబితే, మరి మీ అమ్మకో అని ఆయనే అడుగుతాడు. అడగకపోతే ఇంకా ఘోరం, షాపు మూసేశాక ఒక్కడే పీట మీద కూర్చుని ఆలోచిస్తాడు. కంచే చేను మేసిందని కంచెతోనే ఎలా చెప్పడం? అయినా అమ్మకీ ఇదేనని ఏముంది? ఇక్కడి నర్సు అక్కడి మనిషిని చూసిందా పెట్టిందా. నాన్న రోజుకి ఒక్కటే ఇస్తాడు, ఒక్కటంటే ఒక్కటే, రెండోది అడిగితే కోప్పడతాడు. కాని ఆ ఒక్కటీ రోజూ. నెలలో నాలుగు గడులు కూడా మిగలవు అమ్మకి, పండగా పబ్బమా ఏమీ లేదు, అన్నీ అడ్డగీతలే. మృదుల లేచి, గోడ పట్టుకుంటూ బాత్రూమ్‌కి వెళ్ళి, చన్నీళ్ళు మెడ వెనక చల్లుకుని, తడి కాగితం కణతకి అదిమిపెట్టుకుని అద్దంలో చూడకుండా నిలబడింది. అమ్మ కూడా ఇలాగే నిలబడేది, పెరట్లో కుళాయి దగ్గర, తడిచెయ్యి కణతకి పెట్టుకుని. ఏమ్మా అంటే, ఏం లేదు పో అనేది. పెళ్ళిళ్ళలో మేళం మొదలవగానే చల్లగా లేచి వచ్చేసేది, భ్రమరాంబకి గర్వం అనేవాళ్ళు బంధువులు. గర్వం కాదు, ఆవిడకి సన్నాయి అంటే ప్రాణం. ఆవిడ పోగొట్టుకున్న పాటలెన్నో, ఎండలెన్నో, ఎవరు లెక్క పెట్టారు.

బయటికొచ్చేసరికి పెద్దాయన చెయ్యి ఊపాడు, దిగిందట. మంచు చిరుగులు పడి ఆ చిరుగుల్లోంచి ఎండ వస్తోంది, ఇప్పుడు అదీ బాధగానే ఉంది. మృదుల అప్పుడే నిర్ణయం చేసేసుకుంది. ఒక్కటి. ఇవాళ ఒక్కరోజే. బస్సులో అరగంటకి పైగా కూర్చోవాలి, పాపం ఆ పిల్ల కొత్త, రెండు సూట్‌కేసులు మొయ్యాలి, ఈ తలతో ఎలా మోస్తాను, ఇది నాకోసం కూడా కాదు. రేపటినుంచి మళ్ళీ మొదటి రోజు అనుకుంటే సరి, తొమ్మిది రోజులు ఉండగలిగినదాన్ని ఇంకో తొమ్మిది ఉండలేనా. తొమ్మిది రోజుల్లో రెండు షిఫ్టులు పోయాయి, ఒక క్విజ్ పోయింది, దుప్పటి ముసుగులో పడుకుని స్పందనని చెంచా చప్పుడు చేశావని తిట్టింది, అంత చేసి ఆపినదాన్ని ఒక్కటి వేసుకుంటే కొంప మునగదు. తనని తాను ఒప్పించుకోవడం ఇంత సులువని మృదులకి తెలియదు. నోట్లో ఆ చేదు ముందే ఊరింది. కాళ్ళు వాటంతట అవే సామాన్ల బెల్టు వైపు నడిచాయి.

"మృదులక్కా? నేనే అక్కా, చరితని." ఎర్ర స్వెట్టరు, వాచిన కళ్ళు, మెడలో వేలాడే పర్సు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే మృదుల ఆపింది. "సారీ అక్కా, చాలాసేపు వెయిట్ చేశారా? పైన తిప్పుతూనే ఉన్నాడు, నాకు తెలిసిన స్తోత్రాలన్నీ చదివేశాను."

"పర్లేదు. ప్యాకెట్ ఎందులో ఉంది?"

ప్రయాణం ఎలా జరిగింది అని కాదు, ఏమైనా తిన్నావా అని కాదు. తనకే సిగ్గేసింది గాని మాట అప్పటికే దాటిపోయింది. చరిత ఏమీ అనుకోలేదు, పక్కకి లాగి చిన్న సూట్‌కేసు జిప్పు తీసింది. పాత దిండుగలీబు గుడ్డలో చుట్టి నల్లదారంతో కుట్టిన ప్యాకెట్, అమ్మ కుట్టు. "ఆంటీ భలే మనిషక్కా. నేను తీసుకుందామని వెళ్తే కుట్టేసి రెడీగా ఉంది. చేతికి ఇవ్వబోయి, ఆగమ్మా ఒక్క నిమిషం అని లోపలికెళ్ళి, మొత్తం విప్పి మళ్ళీ కుట్టి తెచ్చిచ్చింది. గట్టిగా కుట్టాలంట."

మాటలు మృదుల చెవిన పడ్డాయి గాని మనసు ప్యాకెట్ మీదే ఉంది. బెంచీ మీద కూర్చుని, తాళంచెవితో కుట్టు తెంపింది. లోపల రబ్బరు బ్యాండు వేసిన మూడు కట్టలు, కట్టకి పది షీట్లు, నాన్న లెక్క. పై కట్ట లాగింది, పై షీటు తీసింది, బొటనవేలు బిళ్ళ మీద పెట్టింది. నొక్కితే చాలు. వేలు అక్కడే ఆగింది. షీటు పొట్టిగా ఉంది. చివర రెండు బిళ్ళలు లేవు, కోసేసి ఉన్నాయి, వంకరగా, కూరగాయల కత్తితో కోసినట్టు. డేటు ఉన్న మూల లేదు.

నాన్న కొయ్యడు. నాన్న ఈ జన్మలో ఈ మూల కొయ్యడు. కింది షీటు తీసింది, దానికీ డేటు లేదు. మూడోది బాగుంది. మళ్ళీ మొదటిది చూసింది. మధిరలో ఆ సాయంత్రం, వాళ్ళ గుమ్మంలో చరిత నిలబడి ఉంది, నాన్న షాపులో ఉన్నాడు, పొద్దున సాసర్లో బిళ్ళ ఎప్పుడో దిగిపోయింది. అమ్మ ఆగమ్మా ఒక్క నిమిషం అని లోపలికి వెళ్ళింది. కూతురికి వెళ్ళే ప్యాకెట్ విప్పింది. కనిపించిన మూల కోసింది. ఒకటి సరిపోదని ఎన్నేళ్ళయిందో. బేబీ ఆంటీకి తలనొప్పి ఎప్పుడుంది? తల పగిలిపోయేంత సౌండు పెట్టుకుని సీరియళ్ళు చూసే బేబీ ఆంటీకి, ఇరవై ఏళ్ళలో ఒక్కసారి తలపట్టుకుని కూర్చోగా ఎవరు చూశారు? డేటు మూల వదిలి, చక్కగా కోసి, పరుగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చింది ఎవరికి? ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు, ఏడిస్తే నొప్పి ఎక్కువవుతుందని తెలిసీ ఏడ్చింది. చరిత బెదిరిపోయి పక్కన కూర్చుని, తన నీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టింది. అమ్మ ఇన్నేళ్ళూ పడ్డ నొప్పంతా ఈ ఒక్క గంటలో మృదులకి అర్థమైంది, తొమ్మిది రోజులనుంచి అర్థం కానిది. ఇన్నాళ్ళూ నాన్న బాధపడతాడనే చూసుకుంది. దాచుకుని దాచుకుని, కూతురి ప్యాకెట్లోంచి దొంగిలించుకునేదాకా వచ్చిన మనిషి వైపు ఒక్కసారీ చూడలేదు.

ఫోన్ తీసింది. తెర వెలుగు సూదిలా దిగింది, దిగనీ అనుకుంది.

"అందినయా బిడ్డా?" వెనక కిర్రు, కిర్రుమని కత్తెర. ఎవరికో కోస్తున్నాడు.

"అందినయ్ నాన్నా. ఏసుకోలేదు. ఏసుకోను."

"ఏం? డేట్లన్నీ చూసే పెట్టిన గద."

మృదుల చెప్పింది. నర్సు ఆర్పిన లైటు, క్యాలెండర్, మిగిలిన నాలుగు గడులు, బిళ్ళకి అలవాటు పడ్డ తల, తొమ్మిది రోజులు, అన్నీ చెప్పింది, ఒకదాని వెనక ఒకటి, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనేమో అన్న భయంతో చెప్పింది. కత్తెర చప్పుడు ఎక్కడ ఆగిపోయిందో గమనించలేదు. "అమ్మకి కూడా ఇదే అయి ఉంటది నాన్నా" అంది చివరికి.

"రెండు నిమిషాలాగు అబ్బాయ్" అన్నాడు ఆయన అక్కడ ఎవరితోనో. తర్వాత ఫోన్లోకి, "నేను ఇచ్చేది ఒక్కటే గద. ఒక్కదానికేమైతది."

"ఒక్కటి కాదు నాన్నా. నువ్వు పంపిన షీట్లు రెండు కోసి ఉన్నయ్."

స్టేషన్ రోడ్డు మీద ఆటో హారన్ ఒకటి వినిపించింది.

"డేటు కాడ కోసిందా?" అన్నాడు.

"ఆఁ."

ముప్ఫై ఏళ్ళు కత్తెర పట్టిన మనిషికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. షాపులో డేటు లేని షీట్లు దొరికినప్పుడల్లా ఆయన ఎవర్ని తిట్టాడో, పనికొచ్చిన ఏ కుర్రాణ్ణి మానిపించాడో, అవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే ఆయన కళ్ళముందు తిరుగుతూ ఉంటాయి.

"అమ్మని ఏమనకు నాన్నా."

"నేనెందుకంటనే" అన్నాడు.

"ఒక్కసారే ఆపకు. ముందు ఖమ్మంలో తలనొప్పుల డాక్టర్ దగ్గరికి తీసుకపో. ఆపేటప్పుడు శానా ఘోరంగ ఉంటది, నేను చూస్తన్న గద. కాని వదులుద్దంట."

"తీసుకపోత. ఎల్లుండి ఆదివారమయితే డాక్టరుండడు. రేపే తీసుకపోత." ఈసారి ఆయన గొంతు షాపు యజమానిది కాదు, దారి తప్పినవాడు ఎవర్నో అడిగినట్టుంది. "ఇరవై ఏండ్లాయె బిడ్డా. డాక్టరు ఆపమన్ననాడు, పొద్దున్నే ఆమె ముందర ఉత్త సాసరు ఎట్ల పెట్టాలె?"

ఎదురుగా అద్దాల గోడలోంచి ఎండ తిన్నగా మొహం మీద పడుతోంది. మృదుల చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎయిర్‌పోర్టు బస్సు వచ్చి ఆగింది, చరిత సూట్‌కేసులు రెండూ తనే పట్టుకుని లేచి నిలబడింది.

"షాపు అరగంట లేటుగ తెరువు నాన్నా" అంది. "నువ్వు గూడ ఒక కప్పు పోసుకుని, ఆ స్టూలు జరిపి, అమ్మ కాడ కూచో."

ఆయన ఫోన్ పెట్టేయలేదు. కత్తెర చప్పుడు మళ్ళీ వినపడలేదు.